గొట్టానికీ కట్టెకూ నడుమ

మా వీధిలో నన్ను ఇప్పటికీ తుపాకుల సారు అంటారు. పిల్లల బంతి మా ప్రహరీ లోపల పడితే దాన్ని వదులుకుంటారు గాని అడగడానికి రారు. ఇంట్లో ఉన్న ఆయుధాలన్నీ కలిపితే ఒక స్క్రూడ్రైవరు, ఒక కొబ్బరికాయలు కొట్టే కత్తి అవుతాయని వాళ్లకు ఎవరు చెప్పాలి?

నేను సాయుధ పోలీసు దళంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా పనిచేసి రిటైరయ్యాను. తుపాకీ సరిగ్గా పేలినంతకాలం ఆర్మరర్ ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. పేలనప్పుడు, పేలినా గురి తప్పినప్పుడు అందరూ వాడినే వెతుకుతారు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు శిక్షణలో చెప్పనివి కొన్ని చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి తక్కువ, రానివి రాస్తూ కూర్చుంటే ఇది ఇప్పట్లో తెమలదు.

రాసేదంతా ఒక్క జబ్బు గురించే. రైఫిల్ మంచిది, తూటా మంచిది, కాల్చేవాడూ మంచి గురికాడు. గుండ్లన్నీ సోడా మూతంత జాగాలో పడుతుంటాయి. నడుమ ఒకటి మాత్రం జానెడు దూరం పోయి పడుతుంది. దాన్ని మేం దారితప్పిన గుండు అంటాం. అన్నీ దారి తప్పితే బాగుచేయడం తేలిక. ఎప్పుడో ఒకటి తప్పితేనే మనిషికి నిద్ర పట్టదు.

ముందు చిల్లులు లెక్కపెట్టండి

ఎనభైలు ముగుస్తున్న రోజుల్లో నన్ను సిద్దిపేట క్యాంపుకు వేశారు. సిద్దిపేట అప్పట్లో మెదక్ జిల్లాలో ఉండేది. ఊరికి అవతల, దౌల్తాబాద్ దిక్కు పోయే తొవ్వలో ఒక గుట్ట ఉంది. దాని ముందర మా ఫైరింగ్ రేంజి. గుట్ట గుండ్లను ఆపేది, గుట్ట మీది మేకలు మమ్మల్ని ఆపేవి. ఎర్రజెండా ఎగరేసినా వాటికి అర్థమయ్యేది కాదు.

నేను వచ్చిన కొత్తలోనే ఒక జవాను కాల్చిన టార్గెట్ చూసి అందరూ నోరెళ్లబెట్టారు. నడిమిట్ల చక్కటి గుంపు ఉంది, దాని చుట్టూ చెల్లాచెదురుగా మరికొన్ని చిల్లులున్నాయి. రైఫిల్ పాడైందని నాకు పంపారు. నేను మూడు రోజులు దాన్ని విప్పాను, తోమాను, బిగించాను. లోపం దొరకలేదు. చివరికి చిల్లులు లెక్కపెడితే కాల్చినవాటికంటే పడ్డవి ఎక్కువున్నాయి. టార్గెట్ బోర్డుకు చెదలు పట్టింది. కాయితం అంటించిన మైదా బంకకు ఆశపడి అవి కాయితాన్ని కూడా కొరికాయి. చెదపురుగులు చేసిన చిల్లులకు ఒక రైఫిల్ మూడు రోజులు దవాఖానలో పడుకుంది.

అప్పటినుంచి నాకో అలవాటు పట్టుకుంది. ఎవరైనా వచ్చి గుండు దారి తప్పింది అంటే, గుండేనా అని ముందు అడుగుతాను. కొందరికి కోపం వస్తుంది. రానీయండి.

మల్లేశం

ఇక అసలు కథ. మా క్యాంపులో టెలిస్కోపు బిగించిన రైఫిల్ ఒక్కటే ఉండేది. దాన్ని కానిస్టేబుల్ మల్లేశానికి ఇచ్చారు. అతనిది రాయపోల్ దగ్గర చిన్న పల్లె. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలిన చెయ్యి అది. రైఫిల్ పట్టుకుంటే ఆ చెయ్యి రాయిలా ఉండేది. మాటలు తక్కువ, బీడీలు ఎక్కువ. ఆ ఏడు చలికాలంలో జరిగే షూటింగ్ పోటీలకు క్యాంపు తరఫున అతని పేరే పోయింది.

దసరా దాకా అంతా బాగానే ఉంది. దసరా తర్వాత మొదటి ప్రాక్టీసులో అతని గుండు ఒకటి దారి తప్పింది. తర్వాతి వారం ఇంకొకటి. ఆ తర్వాత ప్రతిసారీ ఒకటో రెండో.

మా క్యాంపు అధికారిని అందరం పెద్దసారు అనేవాళ్లం. చెడ్డ మనిషి కాదు. జవాన్లకు ఇంట్లో కష్టమొస్తే సెలవు కాదనేవాడు కాదు. కాకపోతే ఏ విషయంలోనైనా ముందు తీర్పు చెప్పి తర్వాత విచారణ చేసేవాడు. ఆయన బంగళాలో పూలకుండీలు చాలా ఉండేవి. వాటికి నీళ్లు పోసే ఆర్డర్లీ అప్పుడే బదిలీ అయిపోయాడు. ఈ రెండు సంగతులకూ మల్లేశం గుండుకూ ఏ సంబంధమూ లేదు, కాని అన్నీ ఒకే వారంలో కలిశాయి.

పెద్దసారు రేంజికి వచ్చి టార్గెట్ చూసి, మల్లేశాన్ని పిలిచి, అందరి ముందరే అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ కత. రైఫిల్ ఖరాబ్ కాలే, నీ చెయ్యి ఖరాబయింది. పోటీలకు ఇంకొకన్ని పంపుత. నువ్వు బంగ్లకు రా, కుండీలకు నీళ్లు పొయ్యి. దానికి గురి అక్కరలే."

ఆ సాయంత్రం మల్లేశం నా వర్క్‌షాపుకు వచ్చాడు. చేతిలో చాయ గ్లాసు నిండుగా ఉంది. అరచెయ్యి బోర్లించి, దాని మీద గ్లాసు పెట్టి, చేయి చాపి నిలబడ్డాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. చాయ అంచు కూడా కదలలేదు.

"అన్నా, నేను తాగుతున్ననని అంటున్రు. మా బాపు ఊరంత జెప్పుకున్నడు, కొడుకు పోటీలకు పోతుండని. ఇప్పుడు పూలకు నీళ్లు పోస్తుండని జెప్పాల్నా? జర నువ్వన్న సూడే."

నేను పోయి పెద్దసారును బతిమాలుకున్నాను. రైఫిల్‌ను పరీక్షిస్తానని, అప్పటిదాకా మల్లేశాన్ని కదిలించొద్దని అడిగాను. బేస్తారం, అంటే గురువారం దాకా గడువిచ్చాడు. బేస్తారమే ఎందుకంటే, శుక్రవారం బంగళాకు చుట్టాలు వస్తున్నారట, అప్పటికి కుండీలు పచ్చగా ఉండాలట.

మద్దెల పరీక్ష

మన వృత్తి అంతా ఆ సామెతలోనే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నాడని అందరూ నవ్వుతారు. మద్దెల నిజంగానే ఓటిదేమో అని చూసేవాడు ఒకడుండాలి కదా, ఆ ఒకడే ఆర్మరర్.

చూసే పద్ధతికి ఒకటే సూత్రం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. తూటా మారిస్తే టెలిస్కోపు ముట్టుకోవద్దు. టెలిస్కోపు స్క్రూలు బిగిస్తే తూటా మార్చొద్దు. నేను చూసిన అధికారులు చాలామంది అన్నీ ఒకేసారి మార్చి, జబ్బు తగ్గితే తమ ఘనత అనేవాళ్లు, తగ్గకపోతే ఆర్మరర్ అసమర్థుడనేవాళ్లు. జబ్బు ఏదో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు, అది ఇంకో ఏడు మళ్లీ వచ్చేది.

ముందు తూటాలు చూశాను. ఒకే పెట్టెలోవి, ఒకే తయారీవి ఏరి కాల్పించాను. గుండు తప్పింది. టెలిస్కోపు కదులుతుందేమోనని దాని స్క్రూలు చూశాను. గట్టిగా ఉన్నాయి. గొట్టం మూతి అంచున పెచ్చు లేచిందేమోనని దూది తిప్పి చూశాను. పెచ్చు ఉంటే దూది పోగు అంటుకుంటుంది. ఒక్క పోగూ అంటలేదు. గొట్టం లోపల నూనె మిగిలితే మొదటి గుండు తప్పుతుంది, అందుకని పొడి చిందీ, అంటే గుడ్డ పీలిక పెట్టి తుడిచి కాల్పించాను. మొదటిది బాగానే పడింది, నాలుగోది తప్పింది. ఇసుక మూటల మీద రైఫిల్ పెట్టి నేనే కాల్చాను. నాకూ ఒకటి తప్పింది.

ఇక్కడ నాకు కొంచెం వెలుతురు కనపడింది. తప్పిన గుండ్లన్నీ ఒకే దిక్కు పోతున్నాయి. పైకి, కుడికి. మల్లేశానివీ అక్కడే, నావీ అక్కడే. చెయ్యి వణికేవాడి గుండు ఒకసారి ఇటు పోతుంది, ఒకసారి అటు పోతుంది. ఇద్దరు వేరు వేరు మనుషులు ఒకే దిక్కుకు తప్పుతున్నారంటే తప్పు మనిషిది కాదు, వస్తువుదే. కొత్తగా వస్తున్నవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు, మిగతా వ్యాసం చదవకపోయినా ఫరవాలేదు.

ఈ మాటే పోయి పెద్దసారుకు చెప్పాను. ఆయన విని, అయితే నీ చెయ్యి కూడా వణుకుతున్నదన్నమాట అన్నాడు. ఆ తర్వాత లేచి, తానే కాలుస్తానని రేంజికి వచ్చాడు.

పెద్దసారు పడుకుని, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కాల్చాడు. టార్గెట్ తెచ్చి చూశాం. ఆయన గుండ్లలో ఏవి దారి తప్పినవో, ఏవి దారిలో ఉన్నవో తేల్చడం ఎవరితరం కాలేదు. కొన్ని అసలు కాయితం దాకా రాలేదు. గుట్ట మీది మేకలు ఆ రోజే మొదటిసారి ఎర్రజెండాకు విలువిచ్చి అవతలికి దిగిపోయాయి. రైఫిల్ బాగానే ఉన్నదని పెద్దసారు తేల్చి చెప్పి జీపెక్కాడు.

బీడీ కట్ట కాయితం

మిగిలింది ఒక్కటే. మంచి గురి రైఫిల్‌లో ఇనుప గొట్టం కింది కట్టెకు ఆనకుండా, సన్నటి సందుతో ఉంటుంది. గుండు పేలినప్పుడు గొట్టం అదురుతుంది. ప్రతిసారీ ఒకే తీరుగా అదిరితే గుండ్లన్నీ ఒకేచోట పడతాయి. ఏదైనా దానికి తగిలితే అదురు మారుతుంది, గుండు దారి తప్పుతుంది. ఇది నాకు తెలియక కాదు. ఆ కట్టె స్క్రూలకు లక్కతో సీలు వేసి ఉంది, అధికారి సమక్షంలో తప్ప విప్పకూడదు. సీలు పగలలేదు కనుక లోపలికి ఏమీ పోలేదని అనుకున్నాను. తాళం తీయని ఇంట్లో దొంగ ఉండడనుకునే రకం ఆలోచన ఇది.

బుధవారం మధ్యాహ్నం మల్లేశం నీడకు కూర్చొని బీడీ తీశాడు. కట్ట మీద చుట్టిన పల్చటి కాయితం చించి పడేయబోతే నేను తీసుకున్నాను. దాన్ని సన్నగా మడిచి, గొట్టం మూతి దగ్గర సందులో దూర్చి, రెండు కొసలూ పట్టుకుని గొట్టం పొడుగునా వెనక్కి జరిపాను. సగం దాకా సాఫీగా పోయి ఆగిపోయింది. అటూ ఇటూ లాగితే బయటికి వచ్చింది. కాయితం మీద పచ్చటి మరక. వాసన చూశాను. పసుపు.

ఇద్దరికీ దసరా గుర్తొచ్చింది.

దసరాకు క్యాంపులో ఆయుధపూజ ఘనంగా చేశాం. తుపాకులన్నీ కడిగి, తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేశాం. పెద్దసారు, మన క్యాంపుకు పేరు తెచ్చే రైఫిల్ ఇది అని, టెలిస్కోపు రైఫిల్‌ను అందరికంటే ముందు, పీఠం మీద నిలువుగా నిలబెట్టించాడు. గొట్టం లోపల దుమ్ము పడకుండా మూతికి గుడ్డ కట్టింది నేనే, కనుక నా పని నేను సక్రమంగానే చేశాను. పంతులు మంత్రం చదువుతుంటే పెద్దసారు పిడికెడు అక్షింతలు తీసుకుని దాని మీద వేశాడు. భక్తి ఎక్కువైన మనిషి, ఇంకో పిడికెడు వేశాడు. ఆయన వేశాక ఎవరు ఊరుకుంటారు? క్యాంపు మొత్తం వేసింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు, అది అక్షరాలా జరిగింది. నిలువుగా ఉన్న రైఫిల్, పైన తెరుచుకున్న సందు, నూనెతో పసుపుతో కలిపిన బియ్యం. గింజలు జారి గొట్టానికీ కట్టెకూ నడుమకు దిగాయి. రైఫిల్ అదిరినప్పుడల్లా ఒక గింజ దొర్లి ఇరుకు జాగాలో చిక్కుకునేది, ఆ గుండు తప్పేది. మళ్లీ అదిరితే ఊడివచ్చేది, తర్వాతి గుండు బాగా పడేది.

మల్లేశం కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "పెద్దసారు దీవెన బాగనే తగిలింది" అన్నాడు. నవ్వలేదు.

ఇప్పుడు కష్టం వేరే వచ్చింది. సీలు ముట్టకుండా, సన్నటి తీగతో గింజలను చప్పుడు కాకుండా తీసేయడం నాకు చిటికెలో పని. తీస్తే రైఫిల్ బాగవుతుంది. బాగైన రైఫిల్‌ను పెద్దసారు ఇంకొకడికి ఇస్తాడు, వాడు బాగా కాలుస్తాడు. చూసినవా, మనిషిని మారిస్తే సరిపోయింది అంటాడు. మల్లేశం కుండీల దగ్గరే ఉండిపోతాడు. పోనీ ఉన్నమాట చెబుదామంటే, సార్, మీరు చేసిన పూజ వల్ల రైఫిల్ పాడైంది అని ఏ నోటితో చెప్పడం? రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు భయమేసింది. రైఫిళ్ల భయం కాదు, అవి నాకు అలవాటే.

తెల్లగుడ్డ మీద

బేస్తారం పొద్దున పోయి, సీలు విప్పాలి, నిబంధన ప్రకారం అధికారి సమక్షంలో విప్పాలి, తమరు దయచేయాలి అని అడిగాను. సమక్షం అనే మాట పెద్దసారుకు ఇష్టం. వచ్చాడు. జవాన్లు చుట్టూ నిలబడ్డారు. మల్లేశం చివర నిలబడ్డాడు. అప్పటికే అతని ట్రంకు పెట్టె సర్ది ఉంది.

బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, లక్క గీకి, స్క్రూలు విప్పి, గొట్టాన్ని కట్టెలోంచి పైకి లేపాను. కట్టెను గుడ్డ మీద బోర్లించి మెల్లగా తట్టాను. పచ్చటి గింజలు రాలాయి. కొన్ని నిండుగా ఉన్నాయి. ఒకటి మాత్రం నలిగి అటుకులా చదునైంది. గొట్టం మీద అది ఒత్తుకున్న చోట చిన్న మెరుపు మరక ఉంది.

పెద్దసారు ఆ నలిగిన గింజను రెండు వేళ్లతో తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. ఏమిటని అడగాల్సిన పని లేదు. అందరికీ అర్థమైంది. అందరూ ఒక్కసారిగా గుట్ట దిక్కు చూడడం మొదలుపెట్టారు, అక్కడేదో జరుగుతున్నట్టు.

"గిన్ని ఎవరేసిన్రు?" అన్నాడు పెద్దసారు.

మొదటి పిడికెడు ఎవరిదో, రెండో పిడికెడు ఎవరిదో తెలియనివాడు అక్కడ లేడు. నేను విప్పిన స్క్రూలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. జవాన్ల చివర నుంచి ఒక గొంతు వినిపించింది.

"అందరం ఏసినం సార్" అన్నాడు మల్లేశం. "నేను సుత ఏసిన. మన రైఫిల్ గదా, మంచిగుండాలని."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచడం ఎందుకు. అతన్ని తాగుబోతన్నారు, చెయ్యి పాడైందన్నారు, ట్రంకు సర్దించారు. నిజం తెల్లగుడ్డ మీద పరిచి ఉన్నప్పుడు, దాన్ని తీసి ఎదుటివాడి మీద విసరడానికి అతనికి మంచి అవకాశం దొరికింది. అతను మాత్రం అందులో తన వాటా కూడా కలుపుకున్నాడు.

పెద్దసారు గింజను మళ్లీ గుడ్డ మీద పెట్టాడు. జేబురుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు. పోటీలకు ఎవరి పేరు పోయింది అని నన్ను అడిగాడు. మల్లేశం పేరే ఉంది సార్, ఇంకా మార్చలేదు అన్నాను.

"మరి పొమ్మను. నన్నెందుకు అడుగుతరు" అని జీపెక్కి పోయాడు.

క్షమాపణ లేదు, ఏమీ లేదు. శుక్రవారం చుట్టాలు వచ్చారు. కుండీలకు నీళ్లు ఎవరు పోశారో నాకు తెలియదు.

ఒక్క కాయితం సంగతి మాత్రం చెప్పాలి. సీలు ఎందుకు విప్పారని పై ఆఫీసు అడిగితే, లోపల బయటి వస్తువు పడిందని రాశాను. ఏ వస్తువు అని మళ్లీ అడిగారు. పెద్దసారు చాలాసేపు ఆలోచించి, వ్యవసాయ ఉత్పత్తి అని రాయించాడు. అక్కడితో ఆగిపోయింది.

మల్లేశం పోటీలకు పోయాడు. మొదటి బహుమతి రాలేదు, మూడోది వచ్చింది. ఒక్క గుండు కూడా దారి తప్పలేదు. వచ్చిన రోజు పెద్దసారు అందరినీ నిలబెట్టి, ఇది ఆయుధపూజ మహిమ అని ఉపన్యాసం ఇచ్చాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కొంచెం గట్టిగానే కొట్టాను.

మళ్లీ దసరా

మరుసటి ఏడు దసరా వచ్చింది. పీఠం, బంతిపూలు, పంతులు, అన్నీ అట్లాగే ఉన్నాయి. టెలిస్కోపు రైఫిల్‌ను మళ్లీ ముందుకు తెమ్మన్నారు. నేను నిలువుగా పెట్టనివ్వలేదు, పడుకోబెట్టాను. గొట్టం పొడుగునా ఎర్రగుడ్డ చుట్టి, దేవుడి వస్త్రం అన్నాను. పంతులు అభ్యంతరం చెప్పలేదు. అయినా నా మనసు నిలకడగా లేదు. రైఫిల్ పక్కనే నిలబడ్డాను. నా ఎదురుగా మల్లేశం నిలబడ్డాడు.

పెద్దసారు పళ్లెంలోంచి పిడికెడు అక్షింతలు తీసుకుని రైఫిల్ దగ్గరికి వచ్చాడు. చెయ్యి పైకి లేచింది.  నా చెయ్యి నాకు తెలియకుండానే ఎర్రగుడ్డ మీదికి పోయింది.

పెద్దసారు ఆ చెయ్యి చూశాడు. నన్ను చూశాడు. తర్వాత పక్కకు తిరిగి మల్లేశం ముందర నిలబడ్డాడు.

"టోపీ తియ్యి" అన్నాడు.

మల్లేశం తీయాలా వద్దా అన్నట్టు నా దిక్కు చూసి, తీశాడు. తల వంచాడు. పెద్దసారు ఆ పిడికెడూ అతని నెత్తి మీద వేశాడు. మెల్లగా వేశాడు, ఒక్క గింజ కింద పడకూడదన్నట్టు. కాని పడ్డాయి. కొన్ని కాలరులోకి పోయాయి, కొన్ని భుజాల మీద నిలిచాయి. పెద్దసారు కొబ్బరికాయ కొట్టడానికి పోయాడు.

మల్లేశం టోపీ పెట్టుకున్నాడు. ఒక గింజ అతని చెవికీ టోపీ అంచుకూ నడుమ ఇరుక్కుని ఉంది. నా ఉద్యోగమంతా అటువంటివి తీసేయడమే. ఆ ఒక్కదాన్ని తీసేయమని మాత్రం నేను అతనికి చెప్పలేదు.